పదిహేడో బోరు

సైలీషియాలో ఒకప్పుడు జింకు కరిగించిన నేల.
తెల్ల సూట్లు, మూతికి మాస్కులు,
పదిహేడో బోరు దించుతున్నారు.
గొట్టంలోంచి మట్టి జారింది:
పైన ఇటుక పొడి,
కింద బూడిద, ఇంకా కిందన
పేరు తెలియని ఒక పసుపు.

కంచె ఇవతలనుంచి బోగుమిలా అడిగింది:
"పిడికెడు ఇస్తావా? మా ఆయన
ముప్పైయేళ్లు ఇక్కడే కొలిమి ముందు నిలబడ్డాడు."

"తాకకూడదమ్మా, సీసం," అన్నాడు కుర్రాడు.
సీసాలో నింపాడు, మూత బిగించాడు,
నంబరు రాసి సంతకం పెట్టాడు.

ఆమె చేతులు చూసుకుంది.
శనివారం శనివారం ఆ చొక్కాలు పిండింది వీటితోనే.
ఆ నీళ్లు పారబోసింది
బీట్‌రూట్ పాదులకి.

ఎంత ఎర్రగా ఊరేవో దుంపలు!

వచ్చే ఏడు ఇక్కడ ఇళ్లు లేస్తాయట,
మీటరున్నర లోతు మట్టి ఎత్తుకుపోతారట.

ఆమె పెరడుకి మాత్రం
నంబరు లేదు.