మూడో కెమెరా

హాలిఫాక్స్‌లో శనివారమని వాన సెలవు తీసుకోదు.
రాతి చర్చిలో రేడియేటర్లు గుర్రుపెడుతున్నాయి.
సౌండ్ చూసే కెల్విన్ వాటిని ఒక్కొక్కదాన్నే
చంటిపిల్లల్ని జోకొట్టినట్టు ఆపుకుంటూ వచ్చాడు.
నిశ్శబ్దం కావాలంటే చలిని కొనుక్కోవాలి మరి.

నాది మూడో కెమెరా.
స్తంభం పక్కన, రెండో మెట్టు మీద.
ఆల్టోలు నా వాటా: రెండు వరసలు, పద్దెనిమిది నల్ల గౌన్లు,
కళ్ళద్దాల నిండా దీపాలు.
"ఆ మెరుపు పడకుండా చూడు" అని చెవిలో డైరెక్టర్ ఇయాన్.
ఏం చూడను, అందరూ అరవై దాటినవాళ్ళే.

స్వరం కట్టినవాడు చెక్ దేశస్థుడు.
మాంసం కొట్టాయన కొడుకని కార్యక్రమం కాగితంలో ఉంది,
ముగ్గురు బిడ్డల్ని మట్టికి ఇచ్చాడని కూడా.
సన్న అచ్చు. కిందనే టీ, కేకు ధరలు.

మొదట ఒక్కటే స్వరం,
మేడమెట్ల మీద ఎవరో దీపం పట్టుకుని ఎక్కుతున్నట్టు.
తర్వాత దిగడం.
అర అర మెట్టు చొప్పున, గోడ తడుముకుంటూ.

మా వైపు శోకం పెట్టేవాళ్ళు శ్రుతి చూసుకోరు.
నాగరత్నం పెద్దమ్మ చావింటి గుమ్మం తొక్కకముందే అందుకునేది:
పోయినావిడ పేరు, వండిన పులుసు, కట్టిన చీర,
ఎగ్గొట్టిన చీటీ డబ్బు,
అన్నీ ఆ ఒక్క రాగంలోనే.
ఇక్కడ తొంభైమంది ఏడుపుని కాగితాల మీద ఎత్తి పట్టుకుని
చిన్న కర్ర లేచేదాకా ఆగుతారు.
ఏది నిజమని నన్నడక్కండి.
నేను ఫోకస్ తిప్పేదాన్ని.

అప్పుడు చూశాను.
రెండో వరస, ఎడమ నుంచి నాలుగో ఆవిడ.
పుస్తకం తెరిచే ఉంది. పేజీ వేళకే తిప్పింది.
నోరు మాత్రం మూసుకుంది.
శిలువ కింద తల్లి నిలబడ్డ చోటు అది.
పక్కవాళ్ళ గొంతులు ఆమె భుజాల మీంచి నడిచి వెళ్ళాయి,
పదకొండు ఆవర్తాలు, లెక్కపెట్టాను.
మళ్ళీ అందుకుంది, ఏమీ జరగనట్టే.
"మూడూ! మూడూ! ఎక్కడున్నావ్?" ఇయాన్ అరుస్తున్నాడు.
నేను అక్కడే ఉన్నాను.

పేరు డోరీన్ సట్‌క్లిఫ్.
బస్ డిపోలో టికెట్ల లెక్కలు చూసి రిటైరయింది.
కాగితం కప్పులో టీ ఊదుకుంటూ
"అది నేను పాడను తల్లీ" అంది,
"డెబ్బైతొమ్మిది నుంచీ. అక్కడ నిలబడతానంతే."
ఎవరికోసమని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.
నా చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది,
అంతసేపు చలిలో నిలబడ్డావు పాపం, అని.

ఎడిటింగ్ గదిలో ఇయాన్ వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి.
"ఈవిడ చోటు తప్పినట్టుంది.
ఇక్కడ కండక్టర్ చెయ్యికి కట్ చేద్దాం."
మంచి చెయ్యే. ఉంగరం కూడా ఉంది.
సరేనన్నాను.
అతను కాఫీకి వెళ్ళగానే
ఆ కట్‌ని రెండు సెకన్లు ముందుకు జరిపాను.

రెండు సెకన్లంటే యాభై ఫ్రేములు.
రెప్ప వేస్తే పోతుంది, డోరీన్ కూడా చూడకపోవచ్చు.
ధ్వనిలో ఎంత వెతికినా
ఆమె లేని లోటు ఎక్కడా తగలదు. కెల్విన్ చూశాడు,
హెడ్‌ఫోన్స్ చెవులకి నొక్కుకుని, రెండుసార్లు.
ఒక రేడియేటర్ ఆగనేలేదట ఆ రాత్రి.
ఆ పదకొండు ఆవర్తాల అడుగునా
సన్నగా గుర్రు.
తీసేయనా, అని అడిగాడు.