బందరు పాసింజరు వెళ్ళేలోపు

సత్యనారాయణపురంలో రైలుకట్ట పక్కన
మా ఇంట్లో గడియారం ఉండేది గానీ
దాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.
సాయంత్రం బందరు పాసింజరు వెళ్ళేలోపు
కాళ్ళు కడుక్కుని గడప లోపల ఉండాలి.
అది నాన్న పెట్టిన రూలు.
మిగతావి అమ్మవి, నాయనమ్మవి,
కొన్ని ఎవరివో కూడా తెలీదు:
ఈల వెయ్యకూడదు, గడప మీద కూర్చోకూడదు,
పక్కింట్లో ఏదైనా పెడితే
ఆకలేస్తున్నా సరే "ఇప్పుడే తిన్నాను" అనాలి.
పొద్దున కంచంలో మిగిల్చిన కాకరకాయ
రాత్రికి మళ్ళీ కంచంలోకే వచ్చేది.

నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు.
బండి ఆలస్యమైన రోజు
పైవాళ్ళు నాన్నని తిట్టేవాళ్ళట.
మాకు మాత్రం కట్ట మీద
ఇంకో ఇరవై నిమిషాల ఎండ మిగిలేది.

బడి వదిలిన దగ్గర్నించి బండి కూత దాకా
నేనెక్కడున్నానో
ఈ భూమ్మీద పెద్దవాళ్ళెవరికీ తెలీదు.
తెలుసుకోవాలని వాళ్ళకి తోచనూ లేదు.

ఆ ఏడు కృష్ణకి వరదొచ్చింది.
రూతమ్మ నా జడ పట్టుకు లాగింది:
"బ్యారేజీ గేట్లెత్తారంట, వస్తావా నాంచారీ?"
ఏలూరు కాలవ గట్టెమ్మట
చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాం.
తిరిగొచ్చేసరికి గేటు పడింది.
పాసింజరు ఆ రోజే టైముకొచ్చి చచ్చింది.

చక్రాల సందుల్లోంచి
అవతలి పక్క అమ్మ పాదాలు.
పెట్టె, పాదాలు. పెట్టె, పాదాలు.
పసుపు పాదాలు, కదలకుండా.
గార్డు పెట్టె కూడా వెళ్ళిపోయాక
మనిషి మొత్తం కనబడింది.
వీపు మీద రెండు పడ్డాయి.

నాన్న నైట్ డ్యూటీకి వెళ్ళాక
పక్కలో నావైపు తిరిగి
గుసగుసగా అడిగింది:
"ఎన్ని గేట్లెత్తారే?"
పంతొమ్మిది దాకా లెక్కపెట్టి వదిలేశాను.
"డెబ్బై" అన్నాను.

రెండు మైళ్ళ దూరంలో పదకొండేళ్ళ కాపురం.
వరదలో బ్యారేజీని అమ్మ ఒక్కసారీ చూడలేదు.
చూడకూడదని రూలేం లేదు.
ఆవిడ కోసం ఏ బండీ ఆలస్యంగా రాలేదు, అంతే.
కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.
ఒక్కో గేటూ ఎత్తుకుంటోందనుకుంటా.
నలభై దాకా నేను మెలకువగానే ఉన్నాను.

ఇప్పుడు కట్ట లేదు.
పట్టాలు పీకి వెడల్పాటి రోడ్డేశారు.
సాయంత్రం అక్కడ నడుస్తుంటే
వెనక ఏ లారీ హారన్ కొట్టినా
అరవై దాటిన నా కాళ్ళు
ఇంటివైపు తిరుగుతాయి.

మనవరాలు హన్విక ఈల వేస్తుంది.
గడప మీదే కూర్చుని నూడుల్స్ తింటుంది.
తన గదిలోకి మేం తలుపు కొట్టి వెళ్ళాలి,
అది తను మాకు పెట్టిన రూలు.
సొంతింట్లో తలుపు కొట్టడానికి
మొదట్లో నాకు వేళ్ళు రాలేదు.
తనకున్న షరతు ఒకటే:
ఫోను ఎప్పుడూ దగ్గరుండాలి.
మా అమ్మాయి ఆఫీసులో కూర్చుని
తెర మీద నీలం చుక్కని చూస్తుంటుంది.
చుక్క ట్యూషన్లో ఉంది. చుక్క ఆటో ఎక్కింది.
సిగ్నల్ దగ్గర చుక్క ఆగితే
మా అమ్మాయికి ఊపిరి ఆగుతుంది.

మొన్న వానల్లో
చుక్క ట్యూషన్లో ఉండగా
మనిషి ఇంటికొచ్చింది.
ప్యాంటు మోకాళ్ళ దాకా తడి,
చెప్పుల నిండా ఒండ్రు.
"ఫోను మెహర్ దగ్గరుంది అమ్మమ్మా.
అమ్మకి చెప్పకు."

తువ్వాలిచ్చాను.
నిజం చెప్పాలంటే చెయ్యి దురద పెట్టింది.
నోరు మాత్రం నన్నడక్కుండానే అడిగేసింది:
"ఎన్ని గేట్లెత్తారే?"

"లెక్కపెట్టలేదు.
అబ్బ, ఎంత చప్పుడో!
నేను అరిస్తే నాకే వినబళ్ళేదు."

చప్పుడు.
అదిగో, ఆ రాత్రి
అమ్మకి నేను చెప్పడం మర్చిపోయింది.