వెలుగు బల్ల

ఫ్రేజర్‌బరో రేవు మీద ఇంకా చీకటి.
క్లినిక్‌లో హీటరు టకటకమంటూ మేలుకుంటోంది.
ఫోన్లు చెయ్యడం నా పని.
జాబితాలో పేరు, పుట్టిన తేదీ, వీధి,
చివరి గడిలో ఒకే మాట: రాలేదు.

మెరక మీది వీధుల్లో, ముందు తోటలున్న ఇళ్ళలో
వందకి ఎనభై మంది వచ్చి పరీక్ష చేయించుకున్నారు.
రేవు వెనక అద్దె గదుల్లో నలభై దాటలేదు.
పైఆఫీసు పంపిన కాగితంలో
ఆ నలభై కింద ఎర్రగీత,
పక్కన ఎవరిదో గుండ్రటి చేతిరాత:
"అవగాహన లేదు."

విజ్మా ఓజోలా. నలభై మూడేళ్ళు. లాత్వియా.
ఏడోసారి మోగాక ఎత్తింది.
వెనక నీళ్ళ హోరు, గొలుసుల చప్పుడు.
బట్టీపట్టిన వాక్యాలు మొదలుపెట్టాను.
"రెండు నిమిషాల పనండీ. గర్భసంచి ముఖద్వారం దగ్గర
చిన్న బ్రష్షుతో..."

"తెలుసు," అంది. "మా అమ్మ దాంతోనే పోయింది."

కాసేపు నీళ్ళ హోరే మాట్లాడింది.

తర్వాత తనే చెప్పింది, తను చేసే పనేమిటో.
అడుగునుంచి దీపం వెలిగే గాజు బల్ల.
దాని మీద కాడ్ చేప ముక్క పరిస్తే
కండ లోపలిదంతా పైకి కనిపిస్తుంది:
నెత్తుటి మరక, మిగిలిపోయిన ముల్లు,
దారప్పోగులా చుట్ట చుట్టుకున్న పురుగు.
ప్రతి ముక్కా చూడాలి. ఒక్కటీ తప్పిపోకూడదు.
"వందకి వంద," అంది. "మీ కాగితంలో రాసుకో.
నేనెక్కాల్సిన బల్లున్న గదికి మాత్రం
నా షిఫ్టు దిగేసరికి తాళం పడుతుంది.
ఒక పూట మానితే కూలి పోతుంది,
మర్నాడు పిలుస్తాడో లేదో ఏజెన్సీ వాడి దయ."

అవగాహన లేదట.
చేపపిల్లకి ఈత నేర్పబోయాను.

నర్సు నెట్టా రిచీ అంతా విని
టీ కప్పు కింద పెట్టింది.
"శనివారం సాయంత్రం నేనుంటా. తాళం నాకిచ్చెయ్."
పైఆఫీసుని అడగలేదు.

ఆ శనివారం పదకొండు మంది.
విజ్మా అందరికంటే ఆఖర్న. రెండుసార్లు స్నానం చేసిందట,
అయినా వేళ్ళ సందుల్లో సముద్రం.
ఏమీ అనుకోవద్దంది.
నెట్టా పనిముట్టుని గోరువెచ్చటి నీళ్ళ కింద తిప్పుతూ
"మా అమ్మ దగ్గరా ఇదే వాసన," అంది.
తెర వెనకనుంచి విజ్మా గొంతు:
"బాగా చూడు. నేనైతే తొందరపడను."

ఫలితం ఇంకా రాలేదు.
ఆ కవరులో ఏముంటుందో నాకు తెలీదు.

సోమవారం, మళ్ళీ జాబితా.
కిర్స్టీ మెయిర్. ముప్ఫై ఆరు.
పుట్టి పెరిగింది ఇక్కడే. మెరక మీది వీధి. బడిలో లెక్కల టీచరు.
రాలేదు.

నిజానికి వచ్చింది. రెండుసార్లు.
చక్రాల కుర్చీ గుమ్మం దాటింది,
బల్ల కిందికి దిగలేదు.
ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఆ పూట ఇద్దరు లేరు,
ఇంకోరోజు రమ్మన్నాం.
అదంతా ఆ చిన్న గడిలో పట్టదు.

కిందికి దిగే బల్ల కోసం ఇది నాలుగో అర్జీ.
"ఎంతమందికి అవసరం?" అంటుంది ఫారం.
ఒకరికి, అని రాశాను.
కొట్టేశాను.
ఫోను దగ్గరికి లాక్కున్నాను.