ఓ మీద రెండు చుక్కలు

నల్లపాడు క్యాబిన్ పక్కన
గొలుసుకి వేలాడిన మూరెడు రైలు ముక్క.
మా తాత బొంతా ఏసోబుకి అదే గడియారం.
సుత్తితో రెండు దెబ్బలు: మాచర్ల బండి దాటింది.
మూడైతే గుంతకల్లుది, ఎప్పట్లాగే ఆలస్యంగా.
ఆపకుండా కొట్టాడంటే
పట్టాల మీద ఎవరి గేదో పడిందన్నమాట.

ఆ ఇనప నడుం మీద అక్షరాలు ఉబ్బి ఉండేవి.
రాత్రిబడిలో ట, ఠ దాకా వచ్చి మానేసిన మనిషి
బొటనవేలితో తడిమి చదివేవాడు.
"సున్నా నెత్తిన రెండు చుక్కలే!
ఠ లో చుక్క బయటికొచ్చి
కవల్ని కన్నట్టుంది చూడు."

నేను కాగితం ఆనించి పెన్సిల్ రుద్దాను,
రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు.
హోర్డె. కింద పద్దెనిమిది వందల తొంభై ఒకటి.
జర్మనీ పడమటి దిక్కు, రూర్ లోయ పక్కనట.
మాస్టారు అట్లాసులో వేలు పెట్టబోతే
సరిగ్గా అక్కడే మడత చిరిగి ఉంది.

అక్కడా మొదట చిన్న బళ్ళేనట.
వాగుకో కంపెనీ, గనికో కొలత,
ఒకడి పెట్టె ఇంకొకడి పట్టా ఎక్కదు.
బొగ్గు దించి, మళ్ళీ బొగ్గు ఎక్కించి
నడుములు పోయినవాళ్ళ పేర్లు
ఏ రైలు మీదా అచ్చు గుద్దలేదు.
తాత నవ్వాడు.
"మన బెజవాడ యార్డే!"
గ్యాంగులో చేరకముందు
మీటరు గేజి పెట్టెలోంచి బ్రాడ్ గేజి పెట్టెలోకి
మిరప టిక్కీలు మోసిన వీపు ఆయనది.

గేజి మార్చిన ఏడు
మూడడుగుల మూడంగుళాల పైన పిసరు దారిని
కిలోల లెక్కన అమ్మారు.
గంట కూడా తూకంలో పోయింది.
తాత ఏమీ అడగలేదు.
సుత్తి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.
నాయనమ్మ దాంతో తాటిబెల్లం పగలగొట్టేది.

ఇప్పుడు నేను కీమేన్‌ని.
ఆడమనిషికి వేరే పేరు పెట్టలేదింకా.
కొత్త పట్టాల మీద భిలాయి అని ఉంటుంది.
చుక్కల్లేవు.

పోయిన మార్చిలో మిర్చి యార్డుకి పోతే
ఓ కమీషన్ కొట్టు వసారాలో
హమాలీల అన్నంవేళకి గంట మోగింది.
కాళ్ళు వాటంతటవే ఆగాయి.
వెళ్ళి బొటనవేలితో తడిమాను.
సున్నా నిండా ఎర్రటి దుమ్ము.
చుక్కల్లో ఒకటి అరిగిపోయింది.

"ఏంటమ్మా, కొంటావా?" అన్నాడు గుమాస్తా.
జవాబు చెప్పబోతే
తుమ్మొచ్చింది.