దిష్టిచుక్క

ఆరో పేజీల, కింద ఎడమ మూలకు,
శ్రద్ధాంజలి ఫొటోలకు, ప్లాట్ల అమ్మకాలకు నడుమ
మూడు డబ్బాలు.
ముప్పై ఒక్క ఏండ్లు నా చేతుల మీదనే పొయ్యినై.
అండ్ల ఒక పిల్లి. పేరు కోత్వాల్.
పేరుకే కోత్వాల్, చేసేదంత దొంగతనమే.
మొదటి డబ్బాల పాలగిన్నె,
రెండో డబ్బాల ఎవ్వలు లేరు,
మూడో డబ్బాల మూతి తుడుసుకుంట
పంచనామా రాస్తుంటది.
ఎండకాలం నల్లా కాడ బిందెల వరసల నిద్రపోతది,
మూసీ పొంగితే ఎవరిదో చెప్పుల కూసోని
తోకతోటి తెడ్డేస్తది.

గీసేటోడు గుండేటి భూమన్న.
సుల్తాన్‌బజార్ల దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి.
రాత్రి ఎనిమిదింటికి చిక్కడపల్లి ఆఫీసు మెట్లెక్కి
మడత కాయితం నా బల్ల మీద పడేసి
"నీ పిల్లిని కట్టేసుకో చంద్రకళా" అనేటోడు.
నేను నవ్వేదాన్ని కాదు. డెడ్‌లైను.

ఒకనాడు ఆ కాయితం నిండ ఉస్మానియా బిస్కట్ పొట్టు.
దులిపిన. ఒక్క నలుసు మాత్రం అంటుకోనే ఉండె
పిల్లి ఎడమ చెంప మీద.
కెమెరాకు బిస్కటేందో సిరా ఏందో ఎర్కనా?
తెల్లారి అచ్చయింది.
మలక్‌పేట నుంచి, మౌలాలి నుంచి కార్డులు:
కోత్వాల్‌కు దిష్టిచుక్క ఎవరు పెట్టిన్రు?
భూమన్న చదివి, మళ్ల చదివి,
చాయ్ పొలమారేదాంక నవ్విండు.
ఆ రోజుకెళ్లి చుక్క మర్వలె.

మొన్న చలికాలం చెయ్యి వణుకుడు మొదలైంది.
పిల్లి మీసాలు అలలలెక్క వచ్చేటివి.
"ముసల్దైంది, పోనీ" అన్నడు.
తర్వాత రాలే.
ఎడిటర్ అన్నడు: పాతవి వెయ్యి, ఎవరు చూస్తరు.

వేసిన. బీరువ అడుగునున్న మొదటి కట్ట.
పొద్దున ఏడు కాకముందే ఫోను,
మీర్‌పేట నుంచి ఎవరో పిల్ల, పదేండ్లుంటయేమో:
"ఆంటీ, ఇది మా కోత్వాల్ కాదు.
చుక్క లేదు. ఎవరు మార్చిన్రు?"
ఏం చెప్పాలె. స్నానం చేసిందమ్మా అన్న.
"పిల్లులు స్నానం చెయ్యవు" అని పెట్టేసింది.

ఇప్పుడంత కంప్యూటరే. ఒక్క నొక్కు చాలు.
అయినా రాత్రి అందరు పొయినంక
ప్రింటు తీసి, కలం విదిలించి,
ఎడమ చెంప మీద చుక్క పెడ్త.
మళ్ల స్కాన్ చేస్త.

నిన్న చెయ్యి జారి కొంచెం పెద్దగైంది.
పొద్దటి నుంచి ఫోను దగ్గర్నే కూసున్న.