త్రాసు గడువు

గొర్రెలను పక్క గట్టు మీదికి తోలేసి
మూడు రోజులకు అద్దెకిచ్చిన మైదానం.
జనవరి. ఈ దేశంలో ఇప్పుడే నడివేసవి.
పొహుటుకావా చెట్టు ఎర్రటి కేసరాలు
మా శాఖ కారు అద్దం మీద రాలుస్తోంది.
నా మెడలో కార్డు, చంకలో పదకొండు పేజీల ఫారం.

గుడారానికి పేరు లేదు. ఓ ఆకుపచ్చ జెండా,
దాని కింద వరుస.
లైసెన్సు కంటికి ఆనేలా కట్టారా? కట్టారు.
పేర్లు అడుగుతున్నారా? అడగట్లేదు.
వదిలేసిన సరుకు వేసే డబ్బాకి తాళం?
రెండున్నాయి, ఒకటి తుప్పుపట్టింది.

మరామా గోళ్ల చుట్టూ నీలి మరక.
ఆవగింజలో పావువంతు పొడిని
కాంతి కిందికి నెట్టింది.
తెర మీద కొండల వరుసలా ఒక గీత లేచింది.
"దేని కొండలు దానివి.
ఇవి నువ్వు కొన్నాననుకున్నదాని కొండలు కావు."
ఎండకి వీపు కమిలిన కుర్రాడు అడిగాడు:
"అయితే ఇది మంచిదేనా?"
"మంచిది అనే మాట మా దగ్గర దొరకదు.
ఏముందో చెప్తాం. ఏం కావచ్చో చెప్తాం."
వాడు కాసేపు తన చెప్పుల వంక చూసుకుని
పొట్లాన్ని డబ్బాలో జారవిడిచి వెళ్లిపోయాడు.
దానికి ఫారంలో గడి లేదు.
పేజీ అంచున పెన్సిల్‌తో చిన్న గీత గీశాను,
ఎందుకో.

తొమ్మిదో పేజీ. త్రాసు.
ఎత్తి అడుగున చీటీ చూశాను.
గడువు నిన్నటితో సరి.

"ఒక్క రోజే కదా!" అన్నారు వెనక ఎవరో.
మరామా అనలేదు.
అంటే నాకు తేలికయ్యేది, కోప్పడేదాన్ని.
"ఇది తప్పు చూపిస్తే నా నోరే తప్పు చెప్పినట్టు.
ఆపేయండి" అంది, చేతి తొడుగులు తీస్తూ.

ఆ నిబంధన రాసింది నేనే.
నాలుగేళ్ల కిందట, వెల్లింగ్టన్‌లో, ఆరో అంతస్తులో,
"గడువు దాటిన తూకంతో" అన్న చోట
కామా ఉండాలా వద్దా అని
అరగంట వాదించుకున్నాం, బిస్కెట్లు నములుతూ.
ఆ కామా ఇప్పుడు ఎండలో నిలబడి ఉంది
ఇరవై ఆరు మందిగా.

జెండా దించాం.

పద్నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డు.
పశువుల డాక్టరు కీనన్ దగ్గర
ముద్ర వేసిన తూకపురాళ్ల పెట్టె ఉందని ఎవరో చెప్పారు.
ఎందుకని అడగలేదు ఆయన.
"సంతకం పెట్టమ్మా, సోమవారంలోగా తెచ్చియ్యి.
నాకు ఆవులున్నాయి" అన్నాడు.

తిరిగొచ్చి రాళ్లు ఒక్కొక్కటే పట్టకారతో దించాం.
త్రాసు సరిగ్గానే ఉంది.
వెంట్రుకవాసి తేడా లేదు.
నిన్నా సరిగ్గానే ఉండి ఉంటుంది, పొద్దున కూడా.
జెండా మళ్లీ ఎగిరేసరికి నలభై ఏడు నిమిషాలు.
వరుసలో పందొమ్మిది మంది.

ఏడుగురిలో నాకు గుర్తున్నది ఒక్కతే.
మబ్బుతునక లేని ఆ ఎండలో
పసుపు రంగు వానకోటు వేసుకున్న పిల్ల.
గుప్పిట మూసి నిలబడింది,
అందులో పిచ్చుకపిల్ల ఉన్నట్టు.

ఫారం ముగించాను. "సంతృప్తికరం".
సంతకం, తేదీ, సమయం.
కారు తాళం చేతిలోనే ఉంది. వెళ్లలేదు.
డప్పుల హోరు పక్కటెముకల్లో కొట్టుకుంటుంటే
మనుషుల మధ్య మనుషుల్ని తోసుకుంటూ
ప్రథమ చికిత్స శిబిరానికి మూడుసార్లు నడిచాను.
ఒక కాలు బెణికింది, ఒక వడదెబ్బ,
ఒకడు తల్లికి ఫోన్ చేసిమ్మని ఏడుస్తున్నాడు.
పసుపు కోటు లేదు.
లేకపోవడం మంచికో చెడుకో
చెప్పే కొండల గీత నా దగ్గర లేదు.

రెండింటికి వాన దిగింది.
గేటు దగ్గర అయిదు డాలర్లకొకటి
పల్చటి ప్లాస్టిక్ కోట్లు అమ్ముతున్నారు,
అన్నీ ఒకే రంగు.
చూస్తుండగానే మైదానమంతా పసుపయింది,
ఆరువేల మంది, చేతులు పైకెత్తి, గుప్పిళ్లు మూసి.

వెనక గుడారంలో దీపం వెలుగుతూనే ఉంది.
మరామా నాకూ ఒక కోటు విసిరింది.
తొడుక్కున్నాను.