నలభై ఏడు గ్రాములు

కౌంటరు మీద బ్యాటరీ దించక ముందే అడుగుతారు,
"ఏ దేశందండీ ఇది?"

కంచరపాలెం రైతుబజారుకి ఎదర సందులో
ఎనిమిదడుగుల కొట్టు నాది.
బంగారప్పని మానేసిన ముసలాయన
అమ్మేసి పోయిన త్రాసు ఒకటుంది.
సెల్లు తీసి దాని మీద పెడతాను.
నలభై ఏడు గ్రాములు తూగిందా, కూర్చోమంటాను.
ముప్పై ఒకటే తూగిందా,
ఒంటి మీద జపాన్ అని ఎంత అందంగా రాసున్నా
కడుపులో సగం ఉత్తదే.

మొన్నొకదాని తొడుగు ఒలిచాను.
పైన కొరియా.
దాని కింద, చిరిగిన జపాన్.
దాని కింద ఏ దేశమూ లేదు.
ఎవరిదో చచ్చిన లాప్‌టాప్‌లోంచి పీకిన ఆనవాలు,
పాత వెల్డింగు చుక్కలు రెండు,
పాము కాటులా.

ఇంతకు ముందు పోర్టులో టాలీ గుమస్తాని, పదకొండేళ్లు.
కంటైనరు తలుపు మీద దేశం పేరు చదవడం నా పని.
లోపలేముందో చదవడం కాదు.
సీలు బాగుంటే సరుకు బాగున్నట్టే రాసేవాణ్ణి.

దేశం లెక్కలోకే రాదని అనను.
ముక్కుకి గుడ్డ కట్టుకుని
నలుసు పడని గదిలో చుట్టినదానికీ
అర్ధరాత్రి రేకుల షెడ్డులో బీడీ నోట పెట్టుకుని చుట్టినదానికీ
తేడా ఉంది. చాలా ఉంది.
కాని ఆ గదీ ఈ షెడ్డూ ఒకే వీధిలో ఉండొచ్చు,
రెండూ ఇక్కడ ఒకే పేరుతో దిగుతాయి.
దిగాక మన ఉప్పుగాలి ఉంది.
జాలారిపేట పడవల్లో లైట్లకి కట్టిన వాటిని విప్పి చూడండి,
నికెల్ పట్టీని ఆర్నెల్లలో
పచ్చగా నమిలేసి ఉంటుంది.

కిందటి వేసవిలో పిరిడి సింహాద్రమ్మ స్కూటరు కాలింది.
గాజువాకలో, మెట్ల కింద, చార్జింగులో,
రాత్రి రెండింటికి.
చేపల తట్టలు పోయాయి, కరెంటు మీటరు కరిగి కారింది.
మనుషులు దక్కారు.
మెట్ల కింద పడుకునే కుక్క మాత్రం మళ్లీ కనబడలేదు.
వీధి వీధంతా ఒకటే మాట,
"సైనాదే. సైనా సరుకంతే."
నేనూ తలూపాను.

మాడిన పెట్టె తెచ్చి, షట్టరు దించి, విప్పాను.
మంట తాకని మూల సెల్లు ఒకటి తూచాను.
నలభై ఏడు.
చైనాదే, నిజమే. నిక్కచ్చిగా చేసినది,
నంబరైనా చెరగలేదు.
దాని పక్కన, కాపలా బోర్డుని దాటేస్తూ
ఒక ఎర్ర వైరు.
ఎడం చేతి టంకం, తోక వంకర.
ఆ చెయ్యి నాకు తెలుసు.
ఆ చేత్తోనే అన్నం తినను గాని
మిగతావన్నీ చేస్తాను.

"ఈ పూటకి నడిస్తే సాలు బాబూ,
తెల్లారగట్ల హార్బరుకెళ్లాల" అందామె ఆ సాయంత్రం.
కొత్త బోర్డు దొరకలేదు.
నూట ఇరవై తీసుకున్నాను,
రేపొచ్చి మార్పించుకో అన్నాను.
రేపు ఆవిడ రాలేదు. నేను ఫోను చెయ్యలేదు.

ఆవిడకి చెప్పాను.
చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది.
ఏమందో ఇక్కడ రాయను.

ఇప్పుడు నా కొట్టు దాటే ప్రతి పెట్టె మూత లోపల
మార్కరుతో నా పేరు, తారీకు,
ఏది మార్చానో, ఏది మార్చలేదో.
తూకం కూడా.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు.
"ఏ దేశందన్నా?"
సెల్లు చైనా అన్నాను. పెట్టె పూణె.
చార్జరు ఎక్కడిదో రాసి లేదు, అది వాడకు.
వైర్లు కంచరపాలెం.

వాడు నవ్వి,
ఇంకా తక్కువలో ఏదైనా ఉందేమో చూడమన్నాడు.